గొడ్డలికి పిడి

మదీనా నగరంలో ఒక అన్సారీ ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి సాయం అడగడానికి వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) విచారించారు. ఒక ముతక గుడ్డ ఉంది, అందులో కొంత కప్పుకుంటాం, కొంత పరుచుకుంటాం, నీళ్లు తాగే గిన్నె ఒకటి ఉంది అని అతను చెప్పాడు. ఆ రెండూ తెప్పించి, ప్రవక్త (స) స్వయంగా తమ చేతుల్లోకి తీసుకుని వేలం పాడించారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడుసార్లు అడిగాక మరొకరు రెండు దిర్హమ్‌లకు కొన్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి తిండి కొనమని, రెండో దిర్హమ్‌తో గొడ్డలి కొని తన వద్దకు తెమ్మని ప్రవక్త (స) చెప్పారు. ఆ గొడ్డలికి తమ చేతులతోనే పిడి బిగించి ఇచ్చారు. వెళ్లి కట్టెలు కొట్టి అమ్ముకో, 15 రోజుల దాకా నాకు కనిపించవద్దు అన్నారు. 15 రోజుల తర్వాత అతను వచ్చేసరికి చేతిలో 10 దిర్హమ్‌లు ఉన్నాయి. సునన్ అబూ దావూద్‌లో నమోదైన ఉదంతం ఇది.

ఈ ఉదంతాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. భిక్షాటన తగదని, కష్టపడి బతకాలని దీని నుంచి నీతి తీసుకుంటాం. అది సరైనదే. అయితే ఇందులో సాయం అడిగేవారికే కాక, సాయం చేసేవారికి కూడా ఒక పాఠం ఉంది. ప్రవక్త (స) మొదట అతని దగ్గర ఏముందో కనుక్కున్నారు. పెట్టుబడిని అతని సొంత ఆస్తి నుంచే తీశారు. తమ వంతుగా గొడ్డలికి పిడి బిగించారు. గడువు పెట్టారు. గడువు తీరాక ఫలితం చూశారు.

ఒక మనిషికి ఇచ్చే సాయం సంగతి అలా ఉంచి, ఒక ఊరికి, ఒక మొహల్లాకు ఇచ్చే సాయం గురించి ఆలోచిద్దాం. ఈ రోజుల్లో సంఘాలకు, సొసైటీలకు, ట్రస్టులకు గ్రాంటుల రూపంలో డబ్బు వస్తోంది. ప్రభుత్వం ఇస్తుంది. కంపెనీలు ఇస్తాయి. దూరదేశాల్లో సంపాదించుకున్న మన ఊరి పిల్లలు పంపుతారు. ఆ డబ్బుతో భవనం లేస్తుంది, శిలాఫలకం వెలుస్తుంది, ప్రారంభోత్సవం రోజున పూలదండలు పడతాయి. రెండేళ్ల తర్వాత అటువైపు వెళ్లి చూస్తే కొన్నిచోట్ల ఆ భవనం తలుపుకు తాళం కనిపిస్తుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా ఊళ్లో ఎవరికీ తెలియదు. మరికొన్నిచోట్ల అంతే డబ్బుతో వేసిన చిన్న పునాది మీద ఊరు ఊరంతా నిలబడుతుంది. ఈ తేడా ఎక్కడ వస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ జీవితమంతా గడిపిన ఇద్దరు వ్యక్తులున్నారు. ఒకరు అఖ్తర్ హమీద్ ఖాన్, మరొకరు షోయబ్ సుల్తాన్ ఖాన్. ఇద్దరూ మన ఉత్తరప్రదేశ్ నేల మీద పుట్టి, దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు వెళ్లినవారు. వారు నేర్చుకున్న పాఠం చివరకు మన అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెలకు చేరింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

కలెక్టరు ఉద్యోగం వదిలి తాళాల పనికి

అఖ్తర్ హమీద్ ఖాన్ 1914లో ఆగ్రాలో జన్మించారు. 1936లో ఐ.సి.ఎస్.లో చేరారు. ఆ రోజుల్లో ఐ.సి.ఎస్. అంటే తెల్లదొరల సరసన కూర్చునే హోదా. 1943లో బెంగాల్‌ను కబళించిన కరువును ఆయన అధికారిగా దగ్గరనుంచి చూశారు. ఆ తర్వాత ఆ ఉద్యోగంలో ఇమడలేక రాజీనామా చేశారు. అలీగఢ్ దగ్గరి ఒక పల్లెలో కూలిపని, తాళాలు తయారుచేసే పని చేస్తూ కొంతకాలం బతికారు. పేదవాడి బతుకు పుస్తకాల్లోంచి తెలియదని ఆయన నమ్మకం. తర్వాత ఢిల్లీ జామియా మిలియాలో పాఠాలు చెప్పి, 1950లో పాకిస్తాన్ వెళ్లారు.

అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, కొమిల్లా అనే పట్టణముంది. అక్కడ 1959లో ఏర్పాటైన గ్రామీణాభివృద్ధి అకాడమీని ఆయన తీర్చిదిద్దారు. 19వ శతాబ్దంలో జర్మనీలో రైఫైజెన్ అనే వ్యక్తి అప్పుల ఊబిలో ఉన్న చిన్న రైతులను సహకార సంఘాలుగా నిలబెట్టాడు. ఖాన్ గారు ఆ పద్ధతిని శ్రద్ధగా చదివారు. చిన్న రైతులు ఊరివారీగా సంఘం పెట్టుకోవాలి, ప్రతివారం కలవాలి, ఎంత తక్కువైనా సరే పొదుపు చేయాలి, పని నేర్చుకోవాలి. అప్పు గానీ, ప్రభుత్వ సాయం గానీ ఆ తర్వాతే. ఈ కృషికి 1963లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది.

అయితే కొమిల్లా పాఠంలో చేదు భాగం కూడా ఉంది. అక్కడ ఫలితాలు బాగున్నాయని చూసి ప్రభుత్వం ఆ పద్ధతిని దేశమంతటా వేగంగా విస్తరించింది. సంఘాలు బలపడేదాకా ఆగకుండానే డబ్బు ప్రవహించింది. అప్పటిదాకా దూరంగా ఉన్న పెద్ద రైతులు డబ్బు వాసన పసిగట్టి సంఘాల్లోకి జొరబడ్డారు. అప్పులు తీసుకున్నారు, తిరిగి కట్టలేదు. పేదవాడి కోసం పెట్టిన సంఘం చాలాచోట్ల పెద్దవాడి జేబుసంస్థగా మారింది. ఈ వైఫల్యాన్ని ఖాన్ గారు దాచుకోలేదు. ఆ తర్వాతి తన పనికి దానినే పునాది చేసుకున్నారు.

ఒరంగీ సందుల్లో

1980లో, 60 ఏళ్లు దాటిన వయసులో, ఆయన కరాచీ శివార్లలోని ఒరంగీ అనే బస్తీకి చేరారు. లక్షలాది మంది వలస కూలీలు, చిన్న ఉద్యోగులు గుడిసెలు వేసుకున్న ప్రాంతమది. మురుగు పోయే దారి లేదు. సందుల్లో మురికినీరు నిలిచేది, పిల్లలు జబ్బుపడేవారు. బి.సి.సి.ఐ. బ్యాంకు వ్యవస్థాపకుడు ఆగా హసన్ ఆబిదీ తరఫున గ్రాంటు వచ్చింది. ఆ డబ్బుతో ఏం చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ ఖాన్ గారికి ఉంది.

ఆయన వెంటనే గొట్టాలు కొనలేదు. నెలల తరబడి సందుల్లో తిరిగారు, టీ దుకాణాల్లో కూర్చున్నారు, జనం మాట విన్నారు. మురుగు గొట్టాలు సర్కారే ఉచితంగా వేస్తుందని జనం ఆశతో కూర్చున్నారని గ్రహించారు. సర్కారు అంచనాలు పేదవాడు మోయలేనివి. విదేశీ అప్పు తెచ్చి వేసినా ఆ భారం చివరకు ఎవరో ఒకరు మోయాల్సిందే. అప్పుడు ఆయన లెక్కను తిరగేశారు. ఇంటిలోని మరుగుదొడ్డి, సందులోని గొట్టం, ఆ సందులను కలిపే చిన్న కాలువ, ఇవి బస్తీవారి బాధ్యత. ఊరి పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వ బాధ్యత.

20, 30 ఇళ్లు ఉన్న ఒక్కో సందును ఒక్కో సంఘంగా తీసుకున్నారు. సందువారే తమలో నమ్మకస్తుడిని ఎన్నుకుని, ఆయన చేతికే చందా ఇచ్చుకున్నారు. ఆ డబ్బును ఒరంగీ పైలట్ ప్రాజెక్టు తాకలేదు. గ్రాంటు డబ్బంతా కొలతలు తీసే ఇంజనీర్లకు, మ్యాపులకు, మ్యాన్‌హోలు మూతలు పోసే ఇనుప అచ్చులకు, మేస్త్రీలకు నేర్పించడానికి ఖర్చయింది. మధ్యలో కాంట్రాక్టరు లేడు, లంచం లేదు, లాభం లేదు. కనుక ఖర్చు ప్రభుత్వ అంచనాలో ఒక చిన్న భాగానికి దిగివచ్చింది. ఒక సందు బాగుపడటం చూసి పక్క సందువారు వచ్చారు. అలా వేలాది సందుల్లో గొట్టాలు పడ్డాయి. డబ్బు తమదే కాబట్టి గొట్టం మూసుకుపోతే అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగకుండా వారే బాగుచేసుకున్నారు.

ఇక్కడ ఆగి, మొదట చెప్పుకున్న ఉదంతాన్ని ఒక్కసారి గుర్తు చేసుకుందాం. గొడ్డలి ఎవరి డబ్బుతో కొన్నారు? అన్సారీ డబ్బుతోనే. పిడి ఎవరు బిగించారు? సాయం చేసేవారు. ఒరంగీలో గొట్టం సందువారిది. కొలత, అచ్చు, సలహా గ్రాంటువి.

గిల్గిత్ లోయలో మూడు సంభాషణలు

షోయబ్ సుల్తాన్ ఖాన్ 1933లో మొరాదాబాద్‌లో జన్మించారు. పాకిస్తాన్ సివిల్ సర్వీసులో యువ అధికారిగా తూర్పు పాకిస్తాన్‌లో పనిచేసేటప్పుడు అఖ్తర్ హమీద్ ఖాన్ పనిని దగ్గరగా చూసి ఆయనకు శిష్యుడయ్యారు. 1982లో ఆగాఖాన్ ఫౌండేషన్ ఒక గ్రామీణ కార్యక్రమాన్ని ప్రారంభించి, దాని బాధ్యతను షోయబ్ గారికి అప్పగించింది. పాకిస్తాన్ అధీనంలో ఉన్న గిల్గిత్, ఆ తర్వాత చిత్రాల్, బల్తిస్తాన్ ప్రాంతాలు దాని కార్యక్షేత్రం.

కారకోరం, హిందూకుష్ పర్వతాల మధ్య చిక్కుకున్న పల్లెలవి. వానలు చాలా తక్కువ. కొండమీది మంచు కరిగి వచ్చే నీటిని రాతి చరియల వెంట తవ్విన సన్నని కాలువలద్వారా పొలానికి మళ్లిస్తేనే పంట. కాలువ లేనిచోట రాయి తప్ప ఏమీ కనిపించదు. పూర్వం ఆ కాలువలు తవ్వించే పనిని అక్కడి రాజులు, మీర్‌లు వెట్టిచాకిరీతో చేయించేవారు. 1970 దశకంలో ఆ సంస్థానాలు రద్దయ్యాయి. వెట్టి పోవడం మంచిదే. కానీ దానితోపాటు ఊరినంతటినీ ఒకచోటికి పిలిచి పని చేయించే వ్యవస్థ కూడా పోయింది. దాని స్థానంలో మరొకటి రాలేదు. ఊరికి డబ్బు కన్నా ముందు కావలసింది, నలుగురూ కూర్చుని నిర్ణయం తీసుకునే వేదిక.

షోయబ్ గారి పద్ధతి చాలా సాదా. బృందంతో ఊరికి వెళ్లేవారు. ఊరంతటినీ కూర్చోబెట్టి మొదటి సంభాషణ జరిపేవారు. మేము ఏదో పంచిపెట్టడానికి రాలేదు, మీ అర్జీలు తీసుకోవడానికి కూడా రాలేదు, మీతో భాగస్వామ్యానికి వచ్చాం అని మొదటే స్పష్టం చేసేవారు. తర్వాత ఒక ప్రశ్న వేసేవారు. మీరంతా కలిసి చేయగలిగి, ఊళ్లో దాదాపు అందరికీ మేలు చేసే పని ఒక్కటి ఏది? అది మాత్రం మీరే చెప్పాలి.

కొన్ని ఊళ్లు కాలువ కోరుకున్నాయి. కొన్ని ఊళ్లు రోడ్డు, మరికొన్ని వరదను ఆపే గట్టు కోరుకున్నాయి. రెండో సంభాషణలో ఇంజనీరు గ్రామస్తులతో కలిసి కొండ ఎక్కి చూసి అంచనా వేసేవాడు. పని సాధ్యమేనా, ఎంత ఖర్చవుతుంది, కాలువ ఎవరి పొలం మీదుగా పోతుంది, ఆ భూమి ఎవరు వదులుకుంటారు అన్నవి ఊరే తేల్చుకోవాలి. మూడో సంభాషణలో షరతులు ఖాయమయ్యేవి. ఊళ్లో అత్యధిక కుటుంబాలు సంఘంలో చేరాలి. క్రమం తప్పక సమావేశం కావాలి. ప్రతి సమావేశంలోనూ ప్రతి సభ్యుడూ ఎంతో కొంత పొదుపు చేయాలి. పని పూర్తయ్యాక మరమ్మతులు సంఘమే చూసుకోవాలి. ఈ షరతులకు ఊరు ఒప్పుకుంటేనే గ్రాంటు. అది కూడా నిర్మాణపు పనికి ఒక్కసారి మాత్రమే.

ఒక్కసారి అన్న ఆ షరతు కఠినంగా కనిపించవచ్చు. కానీ అందులోనే కిటుకు ఉంది. ఒక్కసారే వస్తుందని తెలిస్తే ఊరు జాగ్రత్తగా ఎంచుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుందని తెలిస్తే ఊరు చేయి చాచడం అలవాటు చేసుకుంటుంది. గ్రాంటు అనేది ఊరిని ఒకచోటికి చేర్చడానికి పిలుపు లాంటిది. ఒకచోట చేరిన ఊరు ఆ తర్వాత తన పొదుపు హామీగా అప్పు తెచ్చుకుంది, మొక్కలు నాటింది, పశువులకు మందులు వేయడం నేర్చుకుంది. మహిళలు వేరుగా సంఘాలు పెట్టుకున్నారు. ప్రపంచబ్యాంకు మదింపు విభాగం 1987 నుంచి పలుమార్లు ఈ కార్యక్రమాన్ని పరిశీలించింది. షోయబ్ గారికి 1992లో మెగసెసె అవార్డు లభించింది. గురువుకు వచ్చిన 29 ఏళ్ల తర్వాత శిష్యుడికీ అదే అవార్డు.

ఏ జమాత్ వారని అడగలేదు

ఇక్కడ మనం ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. డబ్బు ఇచ్చిన ఫౌండేషన్ ఇస్మాయిలీల ఇమామ్ నెలకొల్పినది. అది పనిచేసిన ప్రాంతంలో ఇస్మాయిలీలు ఉన్నారు, షియాలు ఉన్నారు, సున్నీలు ఉన్నారు. ఇది ఒక వర్గం కోసం వచ్చిన డబ్బేమోనని మొదట్లో కొన్ని ఊళ్లు అనుమానపడి దూరంగా ఉన్నాయి. ఆ అనుమానాన్ని ఉపన్యాసాలతో తీర్చలేం. షరతులు అన్ని ఊళ్లకూ ఒకటే కావడం, లెక్కలు అందరి ముందూ ఉండటం, ఊళ్లో కొందరికి కాక దాదాపు ఊరందరికీ మేలు చేసే పనికే గ్రాంటు ఇవ్వడం వల్ల ఆ అనుమానం క్రమంగా సడలింది. కాలువలో నీరు పారేటప్పుడు అది ఎవరి మడి అని చూడదు కదా.

ఒకే మొహల్లాలో రెండు మసీదులు, మూడు కమిటీలు, నాలుగు వర్గాలు ఉండి, ఒకరు పిలిచిన సమావేశానికి మరొకరు రాని పరిస్థితి మనకు కొత్త కాదు. సమిష్టి పనికి వచ్చే డబ్బు ఈ గోడలను పెంచగలదు, తగ్గించగలదు. అది పంచే పద్ధతిని బట్టి ఉంటుంది.

మన పల్లెలకు వచ్చిన దారి

1991లో కొలంబోలో జరిగిన సార్క్ శిఖరాగ్ర సమావేశం దక్షిణాసియాలో పేదరిక నిర్మూలనపై ఒక స్వతంత్ర కమిషన్‌ను ఏర్పాటుచేసింది. పేదలను సంఘటితం చేయడమే మొదటి మెట్టు అని ఆ కమిషన్ తేల్చింది. దాని వెనుకనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే యు.ఎన్.డి.పి., దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. అందులో షోయబ్ గారిది ముఖ్యపాత్ర. మన దేశంలో ఈ కార్యక్రమానికి ఎంపికైన మూడు జిల్లాలూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనివే. అవి అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్. ఇప్పుడు మొదటి రెండూ ఆంధ్రప్రదేశ్‌లో, మూడోది తెలంగాణలో ఉన్నాయి. మూడూ కరువు నేలలే. వలసలు మామూలైన చోట్లే. ముస్లిం కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న ప్రాంతాలే.

అప్పటికే మన మహిళలు సిద్ధంగా ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రాన్ని కదిలించింది. ఊరూరా పొదుపు సంఘాలు పుడుతున్నాయి. 1992లోనే నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం ఆరంభించింది. 1990 దశకం మధ్యలో యు.ఎన్.డి.పి. కార్యక్రమం వచ్చి ఈ సంఘాలకు ఒక నిచ్చెన వేసింది. వీధిలో సంఘం, ఊళ్లో గ్రామ సమాఖ్య, మండలంలో మండల సమాఖ్య. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్య ఈ బాటలో రాష్ట్రమంతటా పేరు తెచ్చుకుంది.

2000లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్‌ను స్థాపించి, ప్రపంచబ్యాంకు రుణంతో వెలుగు పథకాన్ని ఆరంభించింది. మొదట ఆరు జిల్లాలు, తర్వాత రాష్ట్రమంతా. అదే తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. ఈ అనుభవం 2011లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి.

ఇందులో గ్రాంటు పనిచేసిన తీరు చూడండి. సాముదాయక పెట్టుబడి నిధి అనే పేరుతో డబ్బు సమాఖ్యకు గ్రాంటుగా చేరేది. సమాఖ్య దానిని సంఘాలకు, సంఘం తన సభ్యురాలికి అప్పుగా ఇచ్చేది. ఆమె గేదె కొని, దుకాణం పెట్టి, వాయిదాల్లో తీర్చేది. తీర్చిన డబ్బు ఢిల్లీకో హైదరాబాద్‌కో తిరిగిపోదు. ఊరి సమాఖ్యలోనే ఉండి మరొక సోదరికి అందుతుంది. ఒక్కసారి వచ్చిన గ్రాంటు చేతులు మారుతూ ఊళ్లోనే తిరుగుతుంది.

ఇంకొక విశేషం. 2000 దశకంలో పాకిస్తాన్ గ్రామీణ సంస్థల బృందాలు మన సమాఖ్యలను చూడటానికి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. గిల్గిత్ నుంచి మన పల్లెకు వచ్చిన పాఠం, మన పల్లె అక్కలు దిద్ది పెద్దది చేశాక, వచ్చిన దారినే తిరిగి వెళ్లింది.

డబ్బు ముందు నడిస్తే

దీనికి ఎదురు పాఠం కూడా మన నేల మీదే ఉంది. మన సంఘాలు క్రమశిక్షణతో అప్పు తీరుస్తున్నాయని గమనించిన ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు 2000 దశకం రెండో భాగంలో పల్లెలమీద, బస్తీలమీద పడ్డాయి. పొదుపు అడగలేదు. సంఘం ఏళ్లతరబడి కలిసి కూర్చుందా అని చూడలేదు. ఒకే మహిళకు మూడు నాలుగు చోట్ల అప్పు దొరికింది. వారం వారం వసూళ్ల ఒత్తిడి పెరిగింది, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. చివరకు 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటికి కళ్లెం వేయాల్సి వచ్చింది. గ్రాంటు వేరు, అప్పు వేరు, నిజమే. కానీ కొమిల్లా చివరి దశలోనూ, ఇక్కడా జరిగిన పొరపాటు ఒక్కటే. మనుషులు కలవకముందే డబ్బు వచ్చిపడింది.

మన మొహల్లాకు

ఇప్పుడు మన సంగతి. మన మొహల్లాలో ఒక ఆర్వో నీళ్ల కేంద్రమో, పిల్లలకు సాయంత్రం ట్యూషన్ గదో, అమ్మాయిలకు కుట్టు శిక్షణో, చిన్న గ్రంథాలయమో పెట్టాలని నలుగురు యువకులు అనుకున్నారనుకుందాం. మామూలుగా ఏం జరుగుతుంది? మొదట లెటర్‌హెడ్ అచ్చవుతుంది. తర్వాత ఎమ్మెల్యే ఇంటికి, కంపెనీ ఆఫీసుకు తిరుగుడు మొదలవుతుంది. డబ్బు వచ్చాక స్థలం కోసం గొడవ, పేరు కోసం గొడవ.

వరుస మార్చి చూడండి. ముందు 20 ఇళ్లవారు కూర్చోండి. ఆడవారు వేరుగా కూర్చున్నా సరే, వారి మాట మాత్రం తప్పక వినండి. నీళ్ల బిందె మోసేది వారే, పిల్లల చదువు సంగతి ముందుగా తెలిసేదీ వారికే. పని ఒక్కటే ఎంచుకోండి. ఇంటికి నెలకు ఎంత ఇవ్వగలరో అంతే వేసి, ఆరు నెలలు క్రమం తప్పకుండా చందా జమచేయండి. 10 రూపాయలిచ్చిన ఇంటిని 1000 రూపాయలిచ్చిన ఇంటితో సమానంగా లెక్కలో చదవండి. ఆ లెక్కను నెలకొకసారి అందరి ముందూ చదివి వినిపించండి. కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫిల్టరు పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి యంత్రం రాకముందే రాసుకోండి.

ఆ ఆరు నెలల చందాల పుస్తకం ఏ సిఫారసు ఉత్తరం కన్నా విలువైనది. గ్రాంటు ఇచ్చేవారు చూడాల్సింది దానినే. ఆ తర్వాత కాగితాల పని. రెండు రాష్ట్రాల్లోనూ 2001 సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేయవచ్చు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్ తప్పనిసరి అనుకోండి. ఆదాయపు పన్ను శాఖ వద్ద తగిన నమోదులు ఉంటే దాతలకు పన్ను మినహాయింపు దొరికే వీలుంటుంది. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలని చట్టం చెబుతోంది. ఆ డబ్బు స్వీకరించాలంటే 2021 నుంచి సంస్థ సి.ఎస్.ఆర్.-1 పత్రం దాఖలు చేసి నమోదై ఉండాలి. విదేశీ సంస్థల నుంచి, విదేశీ పౌరుల నుంచి విరాళం తీసుకోవాలంటే ఎఫ్.సి.ఆర్.ఎ. కింద కేంద్ర హోంశాఖ ఇచ్చే నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ లేనిదే ఒక్క రూపాయి కూడా తాకకూడదు. ఈ విషయంలో తెలియక చేసిన తప్పు కూడా సంస్థను ఇబ్బందుల్లో పడేస్తుంది.

మరొక జాగ్రత్త. జకాత్ పైకానికి హక్కుదారులెవరో ఖుర్ఆన్‌లో నిర్దేశమై ఉంది. కాబట్టి జకాత్‌ను, మామూలు చందాలను, గ్రాంటును మూడు వేర్వేరు ఖాతాల్లో రాసుకోవాలి. గది కట్టడానికి, యంత్రం కొనడానికి జకాత్ వాడవచ్చునా అనే సందేహం వస్తే మీ ఊరి ఉలమాను అడిగి తేల్చుకోండి. లెక్కలు కలిసిపోయిన చోట నమ్మకం కూడా కరిగిపోతుంది.

ఇచ్చేవారికి కూడా ఒక మాట. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో సొంతూరికి ఏదైనా చేయాలని తపించే సోదరులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారి మనసు మంచిది. కానీ సెలవుల్లో వచ్చి 15 రోజుల్లో భవనం పూర్తిచేసి వెళ్లాలన్న తొందర మంచిది కాదు. ముందు ఊరిని అడగండి, మీ దగ్గర ఏముంది అని. ఊరు తన ముతక గుడ్డను, గిన్నెను తెచ్చి చూపేదాకా ఓపిక పట్టండి. ఊరు సగం వేస్తే మీరు సగం వేయండి. మొత్తం మీరే వేస్తే అది మీ భవనం అవుతుంది, వారిది కాదు. మళ్లీ సెలవుల్లో వచ్చినప్పుడు శిలాఫలకం సంగతి పక్కన పెట్టి లెక్కల పుస్తకం చూడండి.

అఖ్తర్ హమీద్ ఖాన్ 1999 అక్టోబరులో 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ఒరంగీ సందుల్లో తిరిగినంత కాలం ఏ సందుకూ ఉచితంగా గొట్టం కొనివ్వలేదు. అయినా ఆ సందులవారు ఆయనను తమవాడిగా తలచుకుంటారు. గొడ్డలి ఎవరిదో వారే కట్టెలు కొట్టాలి. పిడి బిగించే చెయ్యి మాత్రం గట్టిగా, సరిగ్గా బిగించాలి. రేపు మన మొహల్లాలో చందా పుస్తకం మొదటి పేజీ తెరిచినప్పుడు, సాయం చేయగలిగిన మన చెయ్యి జేబులోకి వెళ్లే ముందు, ఈ పిడి సంగతి గుర్తుకు వస్తే చాలు.